పాత లాప్‌టాప్‌ను ఒక్క బ్రౌజర్‌తో నడపాలంటే

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కని లాప్‌టాప్‌ను సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి తీసుకెళ్లి అయినకాడికి అమ్మేసే ముందు, మీ పనికి బ్రౌజర్ ఒక్కటే సరిపోతుందేమో చూడండి.

ముందు ఓ వారం పరీక్ష. విండోస్‌లోనే ఉండి, క్రోమ్ తప్ప ఇంకేదీ తెరవకండి. తెరవక తప్పని ప్రతిసారీ ఆ ప్రోగ్రాం పేరు కాగితం మీద రాసుకోండి. మెయిల్, ఎక్సెల్ షీట్లు, వీడియో కాల్స్, ఫొటోపీ అనే వెబ్‌సైట్‌లో పీఎస్‌డీ (ఫొటోషాప్) ఫైళ్ల దిద్దుబాట్లు బ్రౌజర్‌లోనే అయిపోతాయి. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో శుభలేఖలు కంపోజ్ చేసే డీటీపీ సెంటర్‌కు మాత్రం కుదరదు. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర పద్ధతి) ఫాంట్లు కావు, వాటి కీబోర్డు ప్రోగ్రాంకు విండోస్ కావాలి. డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్‌తో రిటర్నులు వేసేవాళ్లూ విండోస్ వదలొద్దు.

కాగితం ఖాళీగా మిగిలిందా? అయితే విండోస్ బదులు క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ (క్రోమ్ బ్రౌజరే ప్రధానంగా ఉండే గూగుల్ ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించండి, డబ్బు కట్టక్కర్లేదు. 64 బిట్ ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 16 జీబీ డిస్క్ ఉండాలి. 2010కి ముందువైతే నత్తనడకే.

8 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టి, క్రోమ్‌లో క్రోమ్‌బుక్ రికవరీ యుటిలిటీ ఎక్స్‌టెన్షన్ తెరిచి, మోడళ్ల జాబితాలో క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ ఎంచుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. లాప్‌టాప్ ఆన్ చేస్తూ డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కి యూఎస్‌బీ నుంచి బూట్ చేయండి.

వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకండి. మొదట పెన్‌డ్రైవ్ మీదే నడిపి వైఫై, సౌండ్, కెమెరా, మూత వేసి తీస్తే మేలుకోవడం, మీ ప్రింటర్ అన్నీ చూడండి. పైకి బ్రౌజరే కనిపించినా అడుగున పని చేసేది లినక్స్ కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే మూల ప్రోగ్రాం. మీ వైఫై చిప్‌కు అందులో డ్రైవర్ (ఆ చిప్‌ను నడిపే ప్రోగ్రాం) లేకపోతే, విండోస్‌లోలాగా బయటి నుంచి తెచ్చి వేసుకునే వీలు లేదు. వేలిముద్ర రీడర్‌కు మద్దతు లేదు. ఆండ్రాయిడ్ యాప్‌లు రావు.

అన్నీ కుదిరాకే ఇన్‌స్టాల్ చేయండి. డిస్క్ మొత్తం తుడిచేస్తుంది, విండోస్‌ను పక్కన ఉంచుకోనివ్వదు. ఫొటోలు, ఇంటి పత్రాల స్కాన్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూసుకున్నాకే ఆ బటన్ జోలికి వెళ్లండి.

తెలుగు టైపింగ్‌ను సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ పద్ధతుల కింద జోడించి, కంట్రోల్ స్పేస్‌తో మార్చుకోవచ్చు.

కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచినా రౌటర్ ఆగి నెట్ పోతుంది. అప్పుడూ ఫైళ్లు తెరుచుకోవాలంటే గూగుల్ డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఆఫ్‌లైన్ టిక్ నెట్ ఉండగానే పెట్టుకోండి, నెట్ పోయాక పెట్టడం కుదరదు.