ఎండిన వాగులో కూర్చోవద్దు: నల్లమల నడకకు ముందు జాగ్రత్తలు

శివరాత్రి నుంచి చైత్ర పౌర్ణమి దాకా నల్లమలలో నడిచేవాళ్ళ కాలం. ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం వెళ్ళేవాళ్ళు, ఉగాదికి కర్ణాటక నుంచి కాలినడకన వచ్చే భక్తులు, ఆ తర్వాత సలేశ్వరం లోయలోకి దిగేవాళ్ళు. ఈ కాలంలోనే పేపరు జిల్లా పేజీలో ఓ మూల చిన్న వార్త కనిపిస్తుంటుంది: నడకకు వెళ్ళొచ్చినవాళ్ళకు వాంతులు, విరేచనాలు, ఆసుపత్రిలో సెలైన్లు. వెంటనే అందరి వేలూ దారిలో తిన్న పులిహోర మీదకి పోతుంది. పులిహోర తప్పు ఉంటే ఉండొచ్చు. తాగిన నీళ్ళు ఎక్కడివి, ఆ నీళ్ళకు ఎగువన పొద్దున్నే ఎవరు కూర్చున్నారు అని మాత్రం ఎవరూ అడగరు.

నీళ్ళు మోసుకెళ్ళండి, టోపీ పెట్టుకోండి లాంటివి ఇక్కడ చెప్పడం లేదు, అవి మీకు తెలుసు. ఇది చెంబు పట్టుకుని పక్కకు వెళ్ళే పని గురించి. సిగ్గుపడి ఎవరూ మాట్లాడుకోరు కాబట్టే ఈ పని దగ్గరే తప్పు జరుగుతుంది.

అసలు తప్పు

మనది నీళ్ళతో కడుక్కునే అలవాటు. మంచి అలవాటే. కానీ అదే మన కాళ్ళను తిన్నగా వాగు దగ్గరికి నడిపిస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో నల్లమల వాగులు చాలావరకు పైకి ఎండిపోయి ఉంటాయి. మెత్తటి ఇసుక, రెండు వైపులా గట్టు చాటు, ముళ్ళు లేని చోటు. కూర్చోవడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదనిపిస్తుంది. ఆ ఇసుక కింద నీళ్ళు ఉన్నాయి. మీరు కూర్చున్న చోటికి కాస్త దిగువన ఇంకొకరు ఇసుక తోడి చెలమ తీసుకుని, ఊరిన నీళ్ళు సీసాలో నింపుకుంటారు. చెలమ నీళ్ళు తేటగా, చల్లగా ఉంటాయి. రంగు లేదు, వాసన లేదు. కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములకు కూడా రంగూ వాసనా ఉండవు.

పెంటల్లో, అంటే అడవిలోని చిన్న గూడేల్లో, ఉండే చెంచులకు వేసవిలో ఈ చెలమలూ ఊటలూ తాగునీళ్ళే. మీరు రెండు రోజులు ఉండి వెళ్ళిపోతారు. ఆ ఇసుక తోడుకుని తాగేది వాళ్ళు.

ఎండిన వాగు, వాగే. కుంట అంచు, గుండం పక్క, కొలను మెట్లు, ఊట పైనున్న రాళ్ళ సందు కూడా అంతే. ఎక్కడ కూర్చున్నా, ముందు చుట్టూ చూసి వాన పడితే నీళ్ళు ఎటు పారతాయో ఆలోచించండి. పారే దారిలో ఉంటే లేచి గట్టెక్కండి.

ఎంత దూరం? నీటి నుంచి కనీసం 60 మీటర్లు. మామూలు నడకలో 80 అంగలు. నీళ్ళున్న వాగుకైనా, ఎండిన వాగుకైనా ఇదే లెక్క. మట్టి పొరలు క్రిములను పట్టి ఆపాలంటే ఆ మాత్రం నేల మధ్యలో ఉండాలి. ఈ అంకెలో బేరం లేదు. బాట నుంచి ఎంత దూరం అన్నదాంట్లో మాత్రం బేరం ఉంది. మామూలు కొండల్లో అయితే బాటకూ 60 మీటర్లు వదలమంటారు. ఇది పులుల అభయారణ్యం. 25, 30 అంగలు, మనిషి కనిపించకుండా, పిలిస్తే వినపడేంత దూరం చాలు.

గుంత

ఒక చిన్న తవ్వుగోల గానీ, మేస్త్రీలు వాడే తాపీ గానీ పదిమందికి రెండు తీసుకెళ్ళండి. కర్రతో గీకితే నల్లమల ఎండిన నేల తెగదు, బెత్తెడు లోతుకే విసుగొచ్చి వదిలేస్తారు. వదిలేసిన గుంతను రాత్రికి అడవిపంది తవ్వేస్తుంది.

లోతు 6 నుంచి 8 అంగుళాలు, అంటే జానెడుకు కాస్త తక్కువ. వెడల్పు రెండు బెత్తెలు. ఇంకా లోతుగా తవ్వితే ఇంకా మంచిదనుకోకండి. ఆకులు కుళ్ళిన నల్లటి మట్టి పైపొరలోనే ఉంటుంది, మలాన్ని మట్టిగా మార్చే సూక్ష్మజీవులూ అక్కడే ఉంటాయి. కింద ఎర్రమట్టి, మొరంలో అది అలాగే ఉండిపోతుంది. పని అయ్యాక గుప్పెడు మట్టి వేసి ఒక పుల్లతో కలపండి, ఆ పుల్లను గుంతలోనే వదలండి. తర్వాత తీసిన మట్టంతా వేసి, కాలితో తొక్కి, ఆకులు కప్పండి. పాతిన మర్నాటికే క్రిములు చావవు, నెలల తరబడి బతకగలవు. జూన్ వానలకు అవి వాగులోకి, వాగులోంచి కృష్ణలోకి పోకూడదంటే దూరమూ కావాలి, లోతూ కావాలి. ఒక్కటి ఉంటే సరిపోదు.

గుంత ముందు తవ్వండి. అర్జెంటయ్యాక ఎవరూ తవ్వరు. సాయంత్రం బస చేసిన వెంటనే, వెలుతురు ఉండగానే, ఎవరి గుంత వాళ్ళు తవ్వి పక్కన కర్ర పాతి పెట్టుకుంటే తెల్లారుజామున టార్చితో వెతుక్కునే పని ఉండదు.

బండ మీద గుంత కుదరదు. అక్కడ ఒక్కటే దారి, మూటగట్టి మోసుకురావడం. పాత పేపరు పరిచి దాని మీద కూర్చుని, పైన గుప్పెడు బూడిదో రంపపు పొట్టో చల్లి మడిచి, జిప్ కవర్లో, దాన్ని ఇంకో కవర్లో, ఆ రెంటినీ మూత బిగించే డబ్బాలో పెట్టాలి. వినడానికి అసహ్యంగా ఉంటుంది. హిమాలయాల్లో మంచు మీద ట్రెక్కింగుకు వెళ్ళే మన కుర్రాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. మంచులో పాతినది పాతినట్టు కాదు, ఎండాకాలం రాగానే పైకి తేలి ఏట్లోకి పోతుంది.

వేలమంది నడిచే రోజుల్లో గుంతల లెక్క పనికిరాదు, అడవంతా గుంతలే అవుతాయి. అప్పుడు ఏర్పాటు చేసిన మరుగుదొడ్లు ఎక్కడుంటే అక్కడ, అవసరం లేకపోయినా ఒకసారి వెళ్ళి రండి. వరస పొడుగ్గా ఉందని పక్కనున్న వాగులోకి దిగేవాళ్ళే దిగువన జనాన్ని పడగొట్టేది.

చెంబు, చెయ్యి

వాగులో కూర్చోకపోయినా ఇంకో దారిలో అదే తప్పు జరుగుతుంది. కడుక్కుని వచ్చి, ఆ చెంబునే మళ్ళీ కుంటలో ముంచుతారు. లేదా వాగు దగ్గరికి వచ్చి, పారే నీళ్ళలో చెయ్యి పెట్టి కడుగుతారు. 80 అంగలు నడిచి గుంత తవ్విన కష్టమంతా ఆ ఒక్క మునకతో పోయినట్టే.

అందుకే సీసాలు వేరు చెయ్యండి. అర లీటరు ప్లాస్టిక్ సీసా ఒకటి తీసుకుని, కాల్చిన సూదితో మూతకు మూడు నాలుగు చిల్లులు పెట్టండి. నొక్కితే సన్నటి ధార వస్తుంది, ఒక మనిషికి ఒకసారికి ఆ అర లీటరు చాలు. దాని మెడకు ఎర్ర టేపు చుట్టండి. ఎర్ర టేపు సీసా ఎప్పుడూ నీళ్ళలో మునగకూడదు. వేరే మంచి సీసాతో పైనుంచి పోసి నింపాలి. అది వంట సామాను ఉన్న సంచిలోకి రాకూడదు.

చేతులకు సబ్బు కావాలి. శానిటైజర్ మట్టి, జిడ్డు అంటిన చేతి మీద సరిగ్గా పనిచెయ్యదు, కొన్ని రకాల క్రిములను అసలు చంపదు. కాగితం సబ్బు ముక్కలు జేబులో పెట్టుకోండి. కడిగేటప్పుడు పక్కవాళ్ళని నీళ్ళు పొయ్యమనండి. మీ చేత్తో మీరే మూత తిప్పితే క్రిములు మూతకు అంటుతాయి, కడిగాక అదే మూత మళ్ళీ పట్టుకుంటారు. 20 సెకన్లు రుద్దండి, గోళ్ళ సందుల్లో కూడా. గోళ్ళు ఇంటి దగ్గరే కత్తిరించుకుని బయల్దేరండి. సబ్బు నీళ్ళు కూడా నేల మీదే, వాగుకు 80 అంగల అవతలే.

ఇక మిగిలినవి వరసగా.

తాగే నీళ్ళు మరిగించండి. బుడగలు తెర్లి ఒక నిమిషం మరిగితే చాలు, 2,000 మీటర్లు దాటిన కొండల మీద మూడు నిమిషాలు. క్లోరిన్ బిళ్ళ అయితే ముందు నీళ్ళను నాలుగు మడతల గుడ్డతో వడకట్టి, అట్ట మీద రాసిన లెక్క ప్రకారం వేసి, అరగంట ఆగండి. మురికి నీళ్ళలో బిళ్ళ సరిగ్గా పనిచెయ్యదు. గుడ్డ ఒక్కటే క్రిములను ఆపదు.

గుండం నీళ్ళు తీర్థంగా తాగాలనుకుంటే మరిగించి తాగండి. మరిగిస్తే తీర్థం కాకుండా పోదు.

తెలియని ఆకుతో తుడుచుకోవద్దు. దూలగొండి కాయలు ఎండి నూగు రాలే కాలం ఇదే. ఆ నూగు పక్క ఆకుల మీద పడి ఉన్నా చాలు, అక్కడ దురద పుడితే ఇక నడక సాగదు. జిల్లేడు పాలు కూడా అంతే.

టిష్యూ కాగితం కాల్చొద్దు. వేసవిలో ఆ బోద గడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు. తడి వైప్స్ పాతొద్దు, వాటిలో ప్లాస్టిక్ ఉంటుంది. రెండూ కవర్లో వెనక్కి.

నెలసరి ప్యాడ్లు పాతొద్దు, కాల్చొద్దు, రాళ్ళ సందులో కుక్కొద్దు. జంతువులు తవ్వి తీస్తాయి. పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి, మూత డబ్బాలో వేసుకుని, డబ్బాలో రెండు చెంచాల టీ పొడి చల్లితే వాసన రాదు. ప్యాడ్ల బదులు నెలసరి కప్పు వాడేవాళ్ళు మరిగించి చల్లార్చిన నీళ్ళు విడిగా ఉంచుకోండి. అది కుదరకపోతే ఆ రెండు రోజులూ ప్యాడ్లే మేలు.

ఒంటికి వెళ్ళాల్సి వస్తుందని ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తున్నారు. 40 డిగ్రీల ఎండలో ఇది వడదెబ్బకు పిలుపు, మూత్రంలో మంటకూ ఇదే దారి. ఒక పాత చీర, రెండు కర్రలు తీసుకెళ్ళండి, ఎక్కడ కావాలంటే అక్కడ చాటు. మూత్రం పసుపు ముదిరితే కూర్చుని నీళ్ళు తాగాకే నడవండి.

చిన్నపిల్లల దొడ్డి ప్రమాదం కాదని మన ఇళ్ళలో ఒక నమ్మకం ఉంది. తప్పు. క్రిములకు వయసు తెలియదు. పిల్లల్ని కూడా వాగులో కూర్చోబెట్టొద్దు, వాగులో కడగొద్దు. డైపర్లు వెనక్కి.

చీకట్లో ఒంటరిగా వెళ్ళొద్దు. కూర్చున్న మనిషి చిరుతకు చిన్న జంతువులా కనిపిస్తాడు. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో చిరుత ఆరేళ్ళ పాపను ఎత్తుకుపోయాకే భక్తుల చేతికి కర్రలు వచ్చాయి. ఇద్దరు వెళ్ళండి, ఒకరు టార్చి పట్టుకుని నిలబడి మాట్లాడుతూ ఉండాలి.

ఇప్పచెట్టు కింద వద్దు. మార్చి, ఏప్రిల్‌లో రాలిన పువ్వు కోసం తెల్లారుజామున ఎలుగుబంటి వస్తుంది. పుట్టల దగ్గరా వద్దు. చెదల కోసం అదే వస్తుంది, లోపల పాములూ ఉంటాయి.

రాయి చేత్తో ఎత్తొద్దు. కర్రతో దొర్లించండి. కూర్చునే ముందు కర్రతో నేల తట్టండి.

బయల్దేరే ముందు రెండు రోజుల్లో విరేచనాలు అయినవాళ్ళు రావొద్దు. వచ్చేశారా, వంట ముట్టొద్దు, కూరగాయలు తరగొద్దు, నీళ్ళ డబ్బా తెరవొద్దు.

దారిలో మొదలైతే వెంటనే ఓఆర్ఎస్, పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్ళకు. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో, తలకొట్టి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. విరేచనాలు ఆపే బిళ్ళ జ్వరం ఉంటే వద్దు, రక్తం పడితే వద్దు. గంజి నీళ్ళలా ధారగా పోతుంటే అది కలరా కావచ్చు, గంటల్లో మనిషి చల్లబడిపోతాడు. నడిపించొద్దు, మోసుకుని రోడ్డెక్కించండి.

అలాంటివాళ్ళ గుంత ఇంకా దూరంగా తవ్వండి. తొందరలో పక్కనే ఉన్న వాగులో కూర్చోబెట్టేస్తారు, సరిగ్గా అప్పుడే కూర్చోబెట్టకూడదు. అంత దూరం వెళ్ళేలోపు ఆగకపోతే బాట పక్కనే కానివ్వండి, తర్వాత మట్టితో సహా తవ్వి పాతొచ్చు. వాగులో పడినది మళ్ళీ తియ్యలేరు.

ఇంటికొచ్చాక బాగానే ఉన్నామని మర్చిపోవద్దు. టైఫాయిడ్ బయటపడటానికి వారం నుంచి నెల, పచ్చకామెర్లకు నెలన్నర పైన కూడా పట్టొచ్చు. ఈలోగా వదలని జ్వరమో, కళ్ళు పచ్చబడటమో, అన్నం చూస్తే వాంతో వస్తే డాక్టరుతో అడవిలో ఏ నీళ్ళు తాగారో చెప్పండి. మీతో నడిచినవాళ్ళకూ ఆ రోజే ఫోన్ చెయ్యండి.