బాతుపిల్లల కాళ్ళు పడిపోతుంటే ఇలా చేశా

మా పెరట్లో బాతుపిల్లలు కొన్ని రెండడుగులు వేసి చతికిలబడిపోయేవి, కాలి కీలు దగ్గర వాపు కూడా. పశువుల డాక్టర్ గారు చూసి ఇది నియాసిన్ (బి3 విటమిన్) లోపమండీ, బాతుపిల్లకి కిలో మేతలో 55 మిల్లీగ్రాముల దాకా కావాలి, కోడిపిల్లకి అంత అక్కర్లేదు అన్నారు. ఆయన చెప్పినట్టే బ్రూవర్స్ ఈస్ట్ పొడి (బీరు తయారీలో వాడే ఈస్ట్, బేకరీలో వాడేది కాదు) తడి మేతలో కలిపి పెడుతుంటే మెల్లగా లేచి తిరగడం మొదలెట్టాయి, నాకైతే ప్రాణం లేచొచ్చింది. మేత పక్కనే ముక్కు మునిగేంత లోతు నీళ్ళు ఉండాలి, లేకపోతే గొంతుకి అడ్డం పడుద్ది. చిరుతిండి అంటే అజొల్లా (నీళ్ళ మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క), ఉడికించిన బఠాణీ, పుచ్చకాయ ముక్కలు, కాస్త పెద్దయ్యాక నత్తలు. బ్రెడ్డు, ఉప్పు మిక్చరు వద్దు. బూజు పట్టిన వేరుశనగ చెక్క అయితే అస్సలు పెట్టకండి, ఆ బూజు విషం కోళ్ళకంటే బాతుపిల్లల్నే త్వరగా చంపేస్తుంది.