పేరు గుర్తులేని పాత సినిమాని చెన్నైలో పట్టుకోవడం ఎలా?

ఏ ఏడాది సినిమా అని బుర్ర గోక్కోకండి. మీరు చూసిన ఏడాదీ విడుదలైన ఏడాదీ చాలాసార్లు ఒకటి కాదు. టూరింగ్ టాకీస్‌కి ప్రింటు ఆలస్యంగా వచ్చేది, టీవీకి ఇంకా ఆలస్యం. పాటలో ఒక్క ముక్క పట్టుకోండి. మాటలు రాకపోతే వరసైనా చాలు.

ముందు అది డబ్బింగా కాదా తేల్చుకోవాలి. కొట్ల బోర్డులు, బస్సు మీద ఊరి పేరు తమిళంలో ఉన్నట్టు గుర్తుందా? పెదాలు ఆగాక కూడా మాట వినిపించేదా? అయితే మీరున్న ఊళ్లోనే పని సులువు. డబ్బింగ్‌లో సినిమా పేరు మారుతుంది, పాటలో మాటలు మారతాయి, వరస మాత్రం అదే. పక్కవాటాలో ఉండే పెద్ద వయసు తమిళాయన దగ్గర కూనిరాగం తీయండి (సిగ్గుపడితే పని జరగదు). తమిళ పేరు దొరికితే తారాగణం, సంగీత దర్శకుడు తెలిసిపోతారు. ఆ పేర్లతో తెలుగు వికీపీడియాలో ఏడాదివారీ జాబితాలు చూడండి. డబ్బింగ్ ఆలస్యంగా వచ్చి ఉండొచ్చు, తర్వాతి రెండు మూడేళ్లూ వదలొద్దు.

పేరు తెలిశాక సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ పాత కొట్లు. పాటల పుస్తకం దొరికితే వదలకండి. అందులో కథ సగంలో ఆపేసి ‘మిగతాది వెండితెరపై చూడండి’ అని ఊరించినా, తారాగణం సరిచూసుకోవడానికి అక్కరకొస్తుంది.

వీసీడీ (సినిమా ఎక్కించి అమ్మే సీడీ) కొనేముందు ఎన్ని డిస్కులో చూడండి. సినిమా మొదట్లో వచ్చే సెన్సార్ సర్టిఫికెట్ మీద నిడివి మీటర్లలో ఉంటుంది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి సుమారు 27.4 మీటర్లు నడుస్తుంది. 4,600 మీటర్లంటే దాదాపు 2 గంటల 48 నిమిషాలు. ఒక డిస్కులో పట్టేది సుమారు 80 నిమిషాలే. కాబట్టి అంత సినిమా రెండు డిస్కుల్లో ఉందంటే ఏదో పాటకో కామెడీకో కత్తెర పడ్డట్టే.

డిస్కుని వెలుతురులో వాల్చి చూడండి. ప్లేయరు లోపలి నుంచి అంచువైపు చదువుతుంది కనక, అంచున గీతలుంటే చివరి డిస్కులో క్లైమాక్సే పోతుంది. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా కాదు. ఇంటికొచ్చాక వెంటనే కంప్యూటర్లోకి ఎక్కించండి; పేరు చివర ‘.DAT’ అని ఉండే పెద్ద ఫైలే సినిమా, వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో ఆడుతుంది. మామూలు కాపీ మధ్యలో మొరాయిస్తే, చెడిన చోటు దాటుకుపోయే డిస్క్ రికవరీ సాఫ్ట్‌వేర్ వాడండి. అక్కడక్కడా బొమ్మ గళ్లుగళ్లుగా చెదురుతుంది, మిగతాది దక్కుతుంది.