తెలుగు అనువాదకులు క్లయింటుతో రేటు మాట్లాడుకునే పద్ధతి

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి స్వతంత్రంగా అనువాదాలు చేసేవారిని క్లయింటు సాధారణంగా మొదట అడిగేది "పదానికి ఎంత తీసుకుంటారు?" అనే. దీనికి వెంటనే ఒక అంకె చెప్పేస్తే బేరం సగం అక్కడే చేజారిపోతుంది. ఏ భాష పదాలను లెక్కపెడుతున్నారో, ఆ డబ్బుకు ఏయే పనులు చేయించుకోబోతున్నారో తేలకుండా చెప్పిన రేటుకు అర్థం లేదు. కాబట్టి ముందుగా కొలత తేల్చుకోవాలి.

ఇంగ్లీషులో విడివిడిగా నిలబడే ఆర్టికల్స్, ప్రిపొజిషన్లు, సహాయక క్రియలు తెలుగులోకి వచ్చేసరికి కొన్ని మాయమవుతాయి, మిగిలినవి విభక్తులుగా, ప్రత్యయాలుగా మాటలకే అతుక్కుంటాయి. అందువల్ల మూలంలో 10,000 పదాలున్న పత్రం తెలుగులో బాగా తగ్గిపోతుంది. అది 7,500 పదాలకు దిగిందనుకుంటే, పదానికి 2 రూపాయల చొప్పున మూలపదాల లెక్కలో 20,000 రూపాయలు రావలసిన పనికి తెలుగు పదాల లెక్కలో 15,000 మాత్రమే వస్తాయి. పది పైసల పెంపు కోసం గట్టిగా పట్టుబట్టి, ఈ ఒక్క ప్రశ్న అడగడం మరచిపోయేవారు తక్కువేమీ కాదు. మూలపదాల లెక్క అయితే పని మొదలుకాకముందే మొత్తం బిల్లు ఎంతో ఇద్దరికీ తెలిసిపోతుందని వివరిస్తే, చాలామంది క్లయింట్లు అభ్యంతరం చెప్పరు. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి చేసే పనిలో ఈ లెక్క తలకిందులవుతుంది కనుక అక్కడ మూలపదానికి రేటు ఎక్కువే ఉండాలి. సబ్‌టైటిళ్లకు నిమిషాల లెక్క కడతారు. స్క్రిప్టు ఇస్తారా, విని రాసుకోవాలా, టైమ్‌కోడ్ (ప్రతి సబ్‌టైటిల్ తెరమీద కనిపించవలసిన సమయం) వేసే పని ఎవరిది అన్నవి అడిగి తెలుసుకోవాలి.

క్లయింట్ల దగ్గర పని తీసుకుని అనువాదకులకు పంచే ఏజెన్సీల విషయంలో మరో మెలిక ఉంది. ట్రాడోస్, మెమోక్యూ వంటి సాఫ్ట్‌వేర్లు పత్రాన్ని పాత అనువాదాలతో పోల్చి, పూర్తిగా కలిసిన వాక్యాలు ఇన్ని, కొంతవరకు కలిసినవి ఇన్ని అని పట్టిక ఇస్తాయి. ఆ పట్టికను బట్టి ఏజెన్సీ రేటు కోస్తుంది. పునరుక్తికి తగ్గింపు ఇవ్వడం న్యాయమే. కానీ 75 నుంచి 84 శాతం దాకా మాత్రమే కలిసిన వాక్యంలో కర్త మారితే తెలుగులో క్రియ మారుతుంది, తరచు వాక్యమంతా తిరగరాయవలసి వస్తుంది. ఇంగ్లీషులో అక్షరం తేడా లేని వాక్యానికి కూడా ఎదుటివారు "నువ్వు"నా "మీరు"నా అన్నదాన్ని బట్టి రెండు అనువాదాలు అవసరం కావచ్చు. అందుచేత 85 శాతం లోపు కలిసినవాటికి పూర్తి రేటే అడగడం నా దృష్టిలో సబబు.

యంత్రానువాదాన్ని సరిదిద్దే పనికి సగం రేటో అంతకంటే తక్కువో ఇస్తామని అడిగినప్పుడు, ఫైలులోంచి రెండు మూడు పేజీలు తెప్పించుకుని, గడియారం పెట్టుకుని దిద్ది చూడాలి. కొత్తగా అనువదించేటప్పుడు రోజుకు 2,000 నుంచి 2,500 పదాలు అన్నది ఈ రంగంలో అందరూ వాడే అంచనా. దిద్దుబాటులో మీ వేగం అంతకు రెట్టింపు కానప్పుడు సగం రేటు మీకు నష్టమే. ఆ పరీక్ష ఫలితాన్నే క్లయింటుకు చూపించి, "ఈ నాణ్యత ఉన్న ముసాయిదాను సరిచేయడానికి గంటకు ఇన్ని పదాలే సాగుతున్నాయండి, కాబట్టి ఇంత రేటు అవసరమవుతుంది" అని రాయవచ్చు. మనోభావాల కంటే ఈ లెక్కకు విలువ ఎక్కువ.

ఇక అసలు బేరం. "మా బడ్జెట్ అంత లేదండి" అన్నప్పుడు రేటు మాత్రమే తగ్గించి, పనిని యథాతథంగా ఉంచకూడదు. అలా తగ్గిస్తే మొదట చెప్పింది పెంచి చెప్పిన రేటేనని మీరే ఒప్పుకున్నట్లవుతుంది. తర్వాతి పనికి బేరం ఆ కింది అంకె నుంచే మొదలవుతుంది. తగ్గించవలసి వస్తే దానికి బదులుగా ఏదో ఒకటి తగ్గాలి లేదా రావాలి: గడువు పెరగాలి, రెండో విడత దిద్దుబాట్లు మినహాయించాలి, లేదా అడ్వాన్సు పెరగాలి. "ముందు ముందు చాలా పని వస్తుంది, ఈసారికి తగ్గించండి" అన్న మాటకు కాదనకుండానే బదులు చెప్పవచ్చు: "తప్పకుండానండి. మొదటి 50,000 పదాలు పూర్తయిన తర్వాత వచ్చే పనికి పది శాతం తగ్గిస్తాను." నిజంగా పని ఉన్నవారు దీనికి ఒప్పుకుంటారు. శుక్రవారం సాయంత్రం పంపి సోమవారం ఉదయానికి కావాలనే విదేశీ ఏజెన్సీలకు, సంక్రాంతి సెలవుల్లో పని అప్పగించేవారికి అదనపు రుసుము ఎంతో ముందే చెప్పి ఉంచితే అప్పటికప్పుడు వాదన ఉండదు.

మన ప్రచురణకర్తలతో మాట్లాడేటప్పుడు రేటుతో పాటు ఫైలు రూపం కూడా తేల్చుకోవాలి. యూనికోడ్‌లో టైపు చేసిన వచనాన్ని ముద్రణ కోసం డీటీపీలో వాడే, యూనికోడ్ కాని అనూ ఫాంట్లలోకి మార్చినప్పుడు ఒత్తులు, సంయుక్తాక్షరాలు చెదరడం మామూలే. ఆ తర్వాతి ప్రూఫు ఎవరు చూస్తారో మాట్లాడుకోకపోతే ఆ పని ఉచితంగా మీ నెత్తినే పడుతుంది. పారితోషికం పెంచే స్థోమత లేని చిన్న సంస్థను ముఖచిత్రం మీద అనువాదకుని పేరు, పునర్ముద్రణ మీద రాయల్టీ అడగవచ్చు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ లిఖితపూర్వకంగానే జరగాలి. పత్రంలో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లకు, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి మాత్రమే ఇచ్చినట్లు లెక్క. కాబట్టి ఈబుక్, ఆడియో హక్కులను విడిగా బేరమాడడానికి మీకు చోటు ఉంది.

చెల్లింపు గడువును రేటులో భాగంగానే చూడాలి. 60 రోజులకు వచ్చే 2 రూపాయల కంటే 15 రోజులకు వచ్చే 1 రూపాయి 90 పైసలు చాలామందికి మేలు. మన దేశంలోని కంపెనీలకు పనిచేసేవారు ముందుగానే ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదు చేసుకోవడం మంచిది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం అటువంటివారికి ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతలు, నెలవారీ చక్రవడ్డీ కట్టాలి. పైగా 2024 ఏప్రిల్ నుంచి అమలైన ఆదాయపు పన్ను నిబంధన వల్ల ఆ గడువు దాటిన బకాయిని కంపెనీ నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలి. అకౌంట్స్ విభాగం వారికి వడ్డీ మాట కంటే ఈ రెండో మాటే త్వరగా తలకెక్కుతుంది. ఇన్వాయిసు మీద ఉద్యమ్ సంఖ్య ముద్రిస్తే చాలు, దీన్ని బెదిరింపుగా చెప్పనవసరం లేదు.

టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కింద కోసే మొత్తం మీ పాన్‌కే జమ అవుతుంది కనుక దాన్ని తగ్గింపుగా భావించి రేటు పెంచనక్కరలేదు. జీఎస్టీ నమోదు ఉంటే మాత్రం పన్ను రేటుకు అదనమని స్పష్టంగా రాయాలి. విదేశీ క్లయింట్ల విషయంలో బదిలీ రుసుము, మారకపు నష్టం ఎవరు భరిస్తారో అడగాలి. కొత్త ఏజెన్సీ అయితే అనువాదకుల వెబ్‌సైటు ప్రోజ్ (ProZ.com)లోని బ్లూ బోర్డులో తోటి అనువాదకులు దానికిచ్చిన రేటింగులు చూసుకోవాలి.

ఫోనులో కుదిరిన మాటలన్నీ అదే రోజు ఈమెయిల్‌లో పెట్టాలి: మూలపదాల సంఖ్య, రేటు, గడువు, ఎన్ని విడతల దిద్దుబాట్లు, ఏ రూపంలో ఫైలు, ఎన్ని రోజుల్లో చెల్లింపు. "అంగీకారమే" అని జవాబు గానీ, పర్చేజ్ ఆర్డర్ గానీ అందేదాకా, ఎంత తొందరపెట్టినా మొదటి పేజీ తెరవకపోవడం మంచిది.