నెదర్లాండ్స్‌లో ఉన్న భర్త దగ్గరికి వెళ్లాలంటే డచ్ పరీక్ష రాయాలా? ముందు ఆయన పర్మిట్ చూడండి

సంబంధం కుదిరింది, అబ్బాయిది ఐండ్‌హోవెన్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో ఉద్యోగం, ఇక్కడ కావలిలోనో ఒంగోలులోనో ఉన్న అమ్మాయికి నిశ్చితార్థం రోజు నుంచే టెన్షన్ మొదలు: "డచ్ పరీక్ష పాసైతేనే వీసా ఇస్తారంట గదా?" కొందరికి అది నిజం, కొందరికి అసలు ఆ పరీక్షతో పనే లేదు. మీరు ఏ రకమో తేలకుండా కోచింగ్‌కి డబ్బు కట్టొద్దు. మా బంధువులమ్మాయి ఒకామెకు నెల్లూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు పరీక్ష తప్పనిసరి అని చెప్పి ఫీజు కట్టించుకున్నారు, తీరా చూస్తే ఆమె భర్త పర్మిట్‌కి ఆ పరీక్ష అవసరమే లేదు. (ఇక్కడ భర్త అని రాస్తున్నానుగానీ భార్య దగ్గరికి వెళ్లే మగవాళ్లకూ ఇవే రూల్స్.)

కాబట్టి ఆయన రెసిడెన్స్ పర్మిట్ కార్డు రెండు వైపులా ఫొటో తీసి పంపమనండి. మనవాళ్లలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ కంపెనీల ద్వారా కెన్నిస్‌మిగ్రాంట్, అంటే హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ పర్మిట్ మీద ఉంటారు. దాన్ని తాత్కాలిక నివాసంగా లెక్కేస్తారు కాబట్టి భార్యకు ఇక్కడ పరీక్ష ఉండదు, వెళ్లాక ఉద్యోగం చేసుకోవడానికి విడిగా వర్క్ పర్మిట్ కూడా అక్కర్లేదు. స్టూడెంట్ పర్మిట్ మీద ఉన్నవాళ్ల భార్యలకూ పరీక్ష లేదు, పని చేసుకునే రూల్స్ మాత్రం వేరు. అబ్బాయి డచ్ పౌరసత్వం తీసేసుకున్నా, పర్మనెంట్ రెసిడెన్స్‌కి మారినా కథ మారుతుంది, అప్పుడు ఇక్కడే ఆ డచ్ పరీక్ష (బేసిక్ ఎగ్జామ్) పాసవ్వాల్సిందే. పదేళ్లుగా అక్కడుండి పాస్‌పోర్టు మార్చుకున్న అబ్బాయిల సంబంధాలు ఇప్పుడు బాగానే వస్తున్నాయి, "డచ్ సిటిజన్ అంట" అని మురిసిపోయే ముందు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది.

ఇంకో మాట. ఆన్‌లైన్‌లో వెతికితే ఈ విషయం మీద దొరికేదాంట్లో కొంత థాయ్‌లాండ్ అమ్మాయిలను పెళ్లి చేసుకున్న డచ్ మగవాళ్లు రాసింది. పరీక్ష, ఆదాయం, వయసు రూల్స్ వాళ్లకూ మనకూ ఒకటే కాబట్టి అది పనికొస్తుంది, కానీ బ్యాంకాక్‌లో ఏ ఆఫీసులో ఏ కాగితం తీసుకోవాలన్నది మనకు వర్తించదు. పరీక్ష ఫోన్‌లో జరుగుతుందనో ఫీజు 350 యూరోలనో రాసి ఉంటే అది 2014కు ముందు సంగతి, పక్కన పెట్టేయండి.

పరీక్షలో మూడు భాగాలు: మాట్లాడటం, చదవడం, డచ్ సమాజం గురించిన జ్ఞానం. భాష స్థాయి ఏ1, అంటే అన్నిటికంటే కింది మెట్టు. 2014 చివర్లో పెట్టిన ఫీజులైతే మాట్లాడటానికి 60 యూరోలు, చదవడానికి 50, సమాజానికి 40, మొత్తం 150. కట్టే రోజున పరీక్ష సైట్‌లో ఉన్న అంకె ఒకసారి చూసుకోండి. ఏ భాగం తప్పితే ఆ ఒక్క భాగానికే మళ్లీ కట్టి రాయొచ్చు. డచ్ ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో కంప్యూటర్ ముందు కూర్చుని రాస్తారు, మన దేశంలో ఏ ఊళ్లో రాయనిస్తారో బుక్ చేసుకునేటప్పుడే చూసి దాన్నిబట్టి రైలు టికెట్లు తీసుకోండి. నెల్లూరు వాళ్లకు ఏ పనున్నా చెన్నై వెళ్లడం అలవాటు కదా, ఇది అక్కడ అయిపోతుందని మాత్రం ఊహించుకోకండి. ఒరిజినల్ పాస్‌పోర్టు లేకుండా లోపలికి రానివ్వరు.

చదువుకోవడానికి 'నార్ నేడర్‌లాండ్' అని అక్కడి ప్రభుత్వమే తయారుచేసిన మెటీరియల్ ఉంది, సినిమా, ఫొటోల పుస్తకం, నమూనా పరీక్షలు అన్నీ ఆన్‌లైన్‌లో ఉచితం. ముందు అది పూర్తిచేసి, ఆ తర్వాత కూడా అవసరమనిపిస్తే ట్యూషన్ సంగతి చూసుకోండి.

సమాజం భాగం మనవాళ్లకు తేలిక, ఎందుకంటే బట్టీ కొట్టడం మనకు కొత్త కాదు. 100 ఫొటోలు, వాటి ప్రశ్నలు ముందే ఇచ్చేస్తారు, పరీక్షలో వాటిలోంచి 30 అడుగుతారు. ప్రశ్న డచ్‌లోనే ఉంటుందిగానీ ఫొటో చూడగానే జవాబు తట్టేదాకా తిప్పితే చాలు. రాజధాని ఆమ్‌స్టర్‌డామ్ అయినా పార్లమెంటు ఉన్నది హేగ్‌లో, ఇలాంటివి తికమక పెడతాయి. ఎమర్జెన్సీ నంబరు 112, మనకూ అదే కాబట్టి గుర్తుంటుంది. జ్వరమొస్తే మనం నేరుగా నెల్లూరులో ఆస్పత్రులుండే పొగతోటకెళ్లి నచ్చిన స్పెషలిస్టు దగ్గర కూర్చుంటాం, అక్కడ అలా కుదరదు, ముందు 'హౌస్అర్ట్స్' అనే ఫ్యామిలీ డాక్టరు దగ్గరికే వెళ్లాలి, ఆయన రాసిస్తేనే ఆస్పత్రి. పిల్లలకు ఐదేళ్లు నిండితే బడి తప్పనిసరి. భార్యను కొట్టడం నేరం, ఇద్దరు మగవాళ్లు పెళ్లి చేసుకోవచ్చు, ఇవన్నీ సూటిగానే చెప్తారు, సినిమా ఇంట్లో అందరి మధ్యా పెట్టుకునేటప్పుడు కాస్త చూసుకోండి.

అసలు కష్టం మాట్లాడే భాగంలో. ఎదురుగా మనిషి ఉండడు, స్క్రీన్ మీద ప్రశ్న వస్తుంది, మైక్‌లో జవాబు చెప్పాలి. ఎక్కడ ఉంటారు, వాతావరణం ఎలా ఉంది, ఏం తినడం ఇష్టం, ఇలాంటివే అడుగుతారు, రెండో రకంలో సగం వాక్యం ఇచ్చి మిగతాది పూర్తిచేయమంటారు. చిన్న జవాబు చాలు, కానీ అడిగినదానికే చెప్పాలి. "ఇక్ వోన్ ఇన్ ఒంగోల్", "ఇక్ ఏట్ ఖ్రాఖ్ ఫిస్", అంటే ఒంగోలులో ఉంటాను, చేపలు ఇష్టంగా తింటాను, ఇలా మీ జీవితంలోంచే వాక్యాలు తయారుచేసుకోండి, పుస్తకంలోవి బట్టీ పడితే ప్రశ్న కొంచెం మారగానే నోరు ఆగిపోతుంది. మనకు ఒక ఇబ్బంది, ప్రతి మాట చివరా 'ఉ' చేర్చేస్తాం, 'ఇక్' కాస్తా 'ఇక్కు' అవుతుంది. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే మీకే తెలుస్తుంది. 'జీ' అక్షరాన్ని గొంతులోంచి గరగరా 'ఖ' లాగా పలకాలి, సిగ్గుపడకండి. ఒక లాభం కూడా ఉంది: "నాకు కాఫీ తాగాలని ఉంది" అనడానికి వాళ్లు "ఇక్ విల్ కొఫీ డ్రింకెన్" అంటారు, తాగడం అనే క్రియ మనలాగే చివరికొస్తుంది. రోజూ గంటన్నర కూర్చుంటే డిగ్రీ చదివిన అమ్మాయికి మూడు నాలుగు నెలలు సరిపోతుందని నా అంచనా. వీలైతే భర్తతో ఫోన్‌లో రోజూ పది నిమిషాలు డచ్‌లోనే మాట్లాడండి, ఆయనకూ అంతంతమాత్రమే వచ్చని తేలినా ఆశ్చర్యపోకండి.

చదివే భాగం మీద ఎక్కువ టైమ్ పెట్టక్కర్లేదు, ఇంగ్లిష్ వచ్చినవాళ్లకు సగం మాటలు ఊహకే అందుతాయి.

పాసయ్యాక ఏడాదిలోపు వీసా దరఖాస్తు పడిపోవాలి, అందుకే మరీ ముందుగా రాసిపెట్టుకోవద్దు. దరఖాస్తు అబ్బాయే అక్కడి ఇమిగ్రేషన్ శాఖ ఐఎన్‌డీకి పెడతాడు. ఇద్దరికీ 21 ఏళ్లు నిండి ఉండాలి, ఆయన జీతం అక్కడి చట్టబద్ధమైన కనీస వేతనానికి తగ్గకూడదు. పరీక్ష రాయక్కర్లేని వాళ్లు కూడా ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే కాగితాల గొడవ అందరికీ ఒకటే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి రిజిస్టర్ చేయించి, ఆ సర్టిఫికెట్‌కి ముందు రాష్ట్ర ప్రభుత్వం అటెస్టేషన్, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ముద్ర) వేయించాలి. మన ఇంటిపేర్ల దగ్గర తేడాలొస్తాయి: పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పెళ్లి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. రిజిస్ట్రేషన్ రోజే పాస్‌పోర్టు ముందు పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి. బర్త్ సర్టిఫికెట్‌కి కూడా అపోస్టిల్ వేయించి పట్టుకెళ్లండి, అక్కడి మున్సిపాలిటీలో పేరు నమోదుకు అడుగుతారు. కనిగిరి వైపు పల్లెల్లో ఇంట్లోనే పుట్టి ఎక్కడా నమోదు కానివాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లు లేట్ రిజిస్ట్రేషన్‌కి ఆర్‌డీఓ ఆఫీసు చుట్టూ తిరగాలి, దానికి ఎంత కాలం పడుతుందో మీకు చెప్పక్కర్లేదు, పెళ్లికి ముందే మొదలుపెట్టండి.

అనుమతి వచ్చాక ఎంవీవీ అనే వీసా స్టిక్కర్ పాస్‌పోర్టులో వేయించుకుని వెళ్తారు. దిగాక మున్సిపాలిటీలో నమోదు, మూడు నెలల్లోపు టీబీ పరీక్ష, నాలుగు నెలల్లోపు హెల్త్ ఇన్సూరెన్స్.

ఇక్కడ పాసయ్యాం కదా అయిపోయిందనుకుంటారు, అసలు చదువు అక్కడే ఉంది. డచ్ పౌరుల, పర్మనెంట్ రెసిడెన్స్ ఉన్నవాళ్ల భార్యలకు 2022 జనవరి 1 నుంచి కొత్త ఇంటిగ్రేషన్ చట్టం, అంటే అక్కడి భాష, పద్ధతులు నేర్చుకుని తీరాలనే చట్టం. మున్సిపాలిటీ వాళ్లు పిలిచి మాట్లాడి, ఒక పరీక్ష పెట్టి, మీకు ఏ దారి అని ఒక ప్లాన్ రాసిస్తారు, మామూలుగా బీ1 స్థాయి (ఏ1 కంటే రెండు మెట్లు పైన) డచ్ లక్ష్యం. ఆ ప్లాన్ చేతికొచ్చినప్పటి నుంచి మూడేళ్ల గడువు, మీ తప్పు వల్ల దాటితే జరిమానా. క్లాసుల ఖర్చు మనమే పెట్టుకోవాలి, ఆదాయాన్నిబట్టి డూఓ అనే ప్రభుత్వ సంస్థ అప్పు ఇస్తుంది. డూఓ నుంచీ మున్సిపాలిటీ నుంచీ వచ్చే ఉత్తరాలన్నీ డచ్‌లోనే ఉంటాయి, అర్థం కాలేదని సొరుగులో పడేయకండి, గడువు అందులోనే ఉంటుంది. కెన్నిస్‌మిగ్రాంట్ భార్యలకు ఈ బాధ్యత లేదు, కాకపోతే రేపు పౌరసత్వం కావాలంటే వాళ్లకూ ఇంటిగ్రేషన్ పరీక్షలు తప్పవు, కాబట్టి వెళ్లిన మొదటి ఏడాదే, పిల్లలు పుట్టకముందే క్లాసులో చేరిపోతే నయం.