పీజీ, పీహెచ్‌డీలో చేరారా? పని ఆగినప్పుడు మాత్రం దాక్కోకండి

మాస్టర్స్‌లోనో పీహెచ్‌డీలోనో కొత్తగా చేరినవాళ్ళు ఎక్కువగా అడిగేది ఏ టాపిక్ తీసుకోవాలి, రోజుకి ఎన్ని గంటలు కూర్చోవాలి అని. అవీ ముఖ్యమే గానీ, బాగా చదివేవాళ్ళు కూడా మధ్యలో కుంగిపోవడానికి నేను చూసినంతలో పెద్ద కారణం వేరే ఉంది. పని ఎక్కడో ఆగిపోతుంది, చూపించడానికి ఏమీ లేదు కదా అని ఈ వారం గైడ్‌తో మీటింగ్ వాయిదా వేస్తారు, వచ్చే వారానికి రెండు వారాల పని చూపించాలి కాబట్టి భయం ఇంకా పెరుగుతుంది, మళ్ళీ వాయిదా, అలా అలా ఒక సెమిస్టరే పోతుంది. దీన్ని మొదటి వారంలోనే ఆపాలి.

అందుకే మీటింగ్‌కి ముందు రోజు గైడ్‌కి చిన్న మెయిల్ పెట్టడం అలవాటు చేసుకోండి. పోయినసారి ఏం అనుకున్నాం, అందులో ఏం అయింది, ఎక్కడ ఆగింది, గైడ్ తేల్చి చెప్పాల్సింది ఏంటి, ఇంతే, పది లైన్లు దాటక్కర్లేదు. ఏమీ కదలని వారం కూడా ఈ మెయిల్ వెళ్ళాల్సిందే, అసలు ఆ వారమే ముఖ్యంగా వెళ్ళాలి. "కోడ్ రన్ అవ్వట్లేదండీ, ఇలా ఇలా ట్రై చేశాను, ఈ ఎర్రర్ దగ్గర ఆగింది" అని రాస్తే అది కూడా చేసిన పనే, చాలాసార్లు అవతలివాళ్ళు ఐదు నిమిషాల్లో దారి చెప్పేస్తారు. మీటింగ్ అయ్యాక ఏం అనుకున్నారో రాసి మళ్ళీ పంపండి. చాలామంది స్టూడెంట్లు ఉన్న గైడ్‌కి మీతో ఏం చెప్పారో గుర్తుండకపోవచ్చు, రాసిపెట్టి ఉంటే ఆ తర్వాత "నేనలా అనలేదే" అనే మాట రాదు.

మొదటి నెలలోనే మొహమాటం లేకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎన్నాళ్ళకోసారి కలుద్దాం, డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్ళలో చూస్తారు, సెలవు కావాలంటే ఎలా, పేపర్‌లో ఎవరి పేరు ఎక్కడ వస్తుంది. ఈ చివరిది పని మొదలవ్వకముందే మాట్లాడుకోవాలి, అయ్యాక మాట్లాడితే స్నేహాలు పాడవుతాయి. ఆ మాట ఎలా ఎత్తాలో తెలియకపోతే, పేపర్‌లో ఎవరు ఏ పని చేశారో చెప్పడానికి క్రెడిట్ (CRediT) అనే పద్ధతి ఉంది, అందులో ఐడియా, డేటా, సాఫ్ట్‌వేర్, రాయడం ఇలా 14 రకాల పాత్రలు విడివిడిగా ఉంటాయి, చాలా జర్నల్స్ కూడా అలాగే అడుగుతాయి. ఆ లిస్టు ముందు పెట్టుకుని ఎవరు ఏది చేస్తారో అనుకుంటే సరిపోతుంది.

ఇక చదవడం. ప్రతి పేపర్‌నీ మొదటి లైన్ నుంచి చివరి దాకా చదవాలనుకుంటే ఎప్పటికీ తెమలదు. కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ ఎస్. కేశవ్ 2007లో రాసిన మూడు విడతల పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. మొదటి విడత ఐదు పది నిమిషాలు, టైటిల్, అబ్‌స్ట్రాక్ట్, ఇంట్రడక్షన్, హెడ్డింగులు, కన్‌క్లూజన్ చూసి ఇది నాకు కావాలా వద్దా తేల్చుకోవడం. కావాలంటే రెండో విడతలో గంట దాకా పెట్టి బొమ్మలూ గ్రాఫులూ జాగ్రత్తగా చూస్తూ చదవడం, లెక్కల వివరాల్లోకి పోకుండా. మూడో విడత మీ పనికి పునాది అయ్యే కొద్ది పేపర్లకే, ఆ పని మనమే మళ్ళీ చేస్తున్నట్టు ప్రతి అడుగూ ప్రశ్నించుకుంటూ చదవాలి. చదివింది ఏదైనా సరే సొంత మాటల్లో మూడు లైన్లు రాసి పేపర్లు దాచుకునే జొటెరో (Zotero) అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ పేపర్ కిందే పెట్టండి, అది ఫ్రీనే. థీసిస్ రాసేటప్పుడు ఈ మూడు లైన్ల విలువ తెలుస్తుంది.

రాయడం రిజల్ట్స్ అన్నీ వచ్చాక మొదలుపెడదాం అనుకోకండి. ఎక్స్‌పెరిమెంట్ చేస్తున్న రోజే మెథడ్స్ రాసేయొచ్చు, ఆ వివరాలు ఏడాది తర్వాత ఎవరికీ గుర్తుండవు. రోజూ అరగంట, బాగుందా లేదా అని చూసుకోకుండా రాయండి. ఆ పచ్చి డ్రాఫ్ట్‌ని ముందు ల్యాబ్‌లో మీ తోటివాళ్ళకి చూపించండి, తర్వాత గైడ్‌కి. ఇక్కడ కూడా దాచుకోవడమే అసలు నష్టం. అన్నట్టు బ్యాకప్, డేటా మూడు కాపీలు, రెండు వేరు వేరు రకాల స్టోరేజ్‌లో, అందులో ఒకటి మీరుండే చోట కాకుండా వేరే చోట. ఇవాళే చేసేయండి.

రిజెక్ట్ అయిన పేపర్ రివ్యూలు ఒక్కసారి చదివి రెండు రోజులు పక్కన పెట్టండి. తర్వాత ఒక్కో కామెంట్‌నీ ఒక వరుసలో రాసుకుని, పక్కన ఏం మారుస్తారో రాయండి. రివ్యూయర్‌కి అర్థం కాలేదు అనిపించిన చోట కూడా మనం ఇంకా స్పష్టంగా రాయాల్సింది ఏదో ఉంటుంది.

"వీళ్ళందరికీ అన్నీ వచ్చు, నేనే పొరపాటున ఇక్కడికి వచ్చా" అనిపించడం చాలామందికి ఉంటుంది, దాని గురించి పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే సైకాలజిస్టులు 1978లోనే రాశారు. పక్క సీటు వాళ్ళతో ఒక్కసారి ఈ మాట అని చూడండి, "నాకూ అంతే" అనే అవకాశమే ఎక్కువ. కానీ రెండు వారాలుగా నిద్ర సరిగ్గా లేదు, తినబుద్ధి కావట్లేదు, ఇష్టమైనది కూడా చేయాలనిపించట్లేదు అంటే అది కొత్త చోట బెరుకు కాదు, క్యాంపస్ కౌన్సెలర్ దగ్గరికో డాక్టర్ దగ్గరికో వెళ్ళండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఆ రోజే, ఆ గంటలోనే ఎవరికైనా చెప్పండి. 2018లో నేచర్ బయోటెక్నాలజీలో వచ్చిన ఒక సర్వేలో 26 దేశాల నుంచి 2,279 మంది జవాబిచ్చారు, ఎక్కువమంది పీహెచ్‌డీ వాళ్ళే, మొత్తం జవాబిచ్చినవాళ్ళలో 39 శాతం మందిలో డిప్రెషన్ ఒక మోస్తరు నుంచి తీవ్రం దాకా కనిపించింది. కాబట్టి ఇది మీ ఒక్కరి బలహీనత అనుకోకండి. వారంలో ఒక రోజు ల్యాబ్ మొహం చూడకండి, రీసెర్చ్‌తో సంబంధం లేని స్నేహితులని వదులుకోకండి.

ఒకవేళ ఇబ్బంది గైడ్‌తోనే అయితే, అరుస్తున్నారు, నెలల తరబడి జవాబివ్వట్లేదు అంటే, జరిగినవి తేదీలతో రాసిపెట్టుకుని మీ రీసెర్చ్ కమిటీలో ఇంకో ప్రొఫెసర్‌తోనో డిపార్ట్‌మెంట్ కోఆర్డినేటర్‌తోనో మాట్లాడండి. గైడ్‌ని మార్చుకునే వీలు చాలా చోట్ల ఉంటుంది, ఎంత త్వరగా అడిగితే అంత తక్కువ పని వృథా అవుతుంది. ఇలాంటప్పుడు అప్పటికప్పుడు మనిషిని వెతుక్కోవడం కష్టం, అందుకే గైడ్ కాకుండా మీ పని తెలిసిన రెండో పెద్దమనిషి ఒకరిని మొదటి సెమిస్టర్‌లోనే చూసుకుని, అప్పుడప్పుడూ కలుస్తూ ఉండండి.