మెట్ల మీద మనిషి కుప్పకూలితే ఏం చేయాలి?

అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. మోకాళ్ల పర్వతం దగ్గర ముందు నడుస్తున్న పెద్దాయన ఉన్నట్టుండి పడిపోయాడనుకోండి. అంబులెన్స్ మెట్లెక్కి రాలేదు. సాయం ఆయన దగ్గరికి చేరేలోపు ఆ ప్రాణం పక్కనున్న మన చేతుల్లోనే ఉంటుంది. గుండె ఆగాక ఎవరూ ఏమీ చేయకపోతే, బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున పడిపోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

ముందు భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే ఊపిరి చూడండి, పది సెకన్లకు మించి కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే. గుండె ఆగిన మనిషి ఒక్కోసారి నోరు తెరిచి, ఆగి ఆగి, గురకలాగా ఊపిరి ఎగబీలుస్తాడు. మన ఇళ్లల్లో ఎగశ్వాస అంటారే, అదే. దాన్ని చూసి ‘ఊపిరి ఉందిలే, కాసేపటికి లేస్తాడు’ అని ఆగిపోతాం. అది ఊపిరి కాదు. పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే గుండె ఆగినట్టే లెక్క. నాడి కోసం వెతుకుతూ కూర్చోవద్దు. నోట్లో నీళ్లు అసలే పోయొద్దు.

‘ఎవరైనా ఫోన్ చేయండి’ అని అరిస్తే ఎవరూ చేయరు. ఒకరిని చూపించి చెప్పండి: ‘నీలం చొక్కా అన్నా, మీరు 108కి చేయండి. అక్కా, మీరు పరుగున వెళ్లి సెక్యూరిటీ వాళ్లను పిలవండి, ఏఈడీ ఉంటే తెమ్మనండి.’ ఏఈడీ అంటే గుండెకు కరెంటు షాక్ ఇచ్చే చిన్న యంత్రం. మీరొక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన ఉంచుకోండి.

ఇక ఛాతీ నొక్కడం. మెట్ల మీద ఇది కుదరదు. దగ్గర్లోని చదును చోటుకి లాగి వెల్లకిలా పడుకోబెట్టండి. ఇంట్లో అయితే మంచం మీద నుంచి నేల మీదికి దించాలి, పరుపు మీద నొక్కితే ఆ బలమంతా పరుపే మింగేస్తుంది. ఛాతీ నడిమధ్యన, మణికట్టు దగ్గరి అరచేతి గట్టి భాగం ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేయండి. మోచేతులు వంచకుండా, మీ ఒంటి బరువు మోపి 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా నొక్కండి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వండి. 30 సార్లు నొక్కడానికి 15 నుంచి 18 సెకన్లు పట్టాలి, ఆ వేగం. పక్కటెముక విరిగినట్టు శబ్దం వచ్చినా ఆపకండి, ఎముక అతుక్కుంటుంది. రెండు నిమిషాలకొకరు మారండి, లేకపోతే తెలియకుండానే బలం తగ్గిపోతుంది.

నోటితో ఊపిరి ఊదడం రాకపోయినా పెద్దవాళ్లకు నొక్కడం ఒక్కటే చాలా మేలు. పుష్కరిణిలో మునిగినవాళ్లకు, చిన్నపిల్లలకు మాత్రం ఊపిరి కూడా కావాలి. అది శిక్షణలో నేర్చుకోవాల్సిందే.

ఏఈడీ దొరికితే క్షణం ఆలస్యం చేయొద్దు. మొదట్లో చాలామంది గుండె పూర్తిగా నిలిచిపోదు, గిలగిలా వణుకుతుంటుంది. షాక్ పనిచేసేది అప్పుడే. చెమట తుడిచి ప్యాడ్లు అంటించండి, ఆ యంత్రమే ఏం చేయాలో చెబుతుంది. షాక్ ఇచ్చేటప్పుడు ఎవరూ తాకకూడదు. ఇచ్చిన వెంటనే మళ్లీ నొక్కండి.

మనిషి కదిలేదాకా, లేదా 108 సిబ్బంది అందుకునేదాకా వదలొద్దు. ఊపిరి మామూలుగా వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తెలివొచ్చి ‘నాకేం కాలేదు, దర్శనం చేసుకునే వెళ్తా’ అన్నా వినకండి. ఒక్క మెట్టు కూడా నడవనివ్వకుండా మోసుకునే దించి, నేరుగా ఆసుపత్రికి చేర్చండి.